మంట వెయ్యి డిగ్రీలే, ఉక్కు కరిగేది 1500 దగ్గర. మరి భవనాలు ఎందుకు కూలతాయి?

సైట్ డైరీ:

హైదరాబాద్‌లో ఆఫీసు భవనం. రెండు బేస్‌మెంట్లు, పైన 14 అంతస్తులు. కాలమ్‌లు, బీములు ఉక్కువి. మీద డెక్ షీటు (మడతల ఉక్కు రేకు) వేసి 130 మి.మీ. కాంక్రీటు. మెయిన్ బీములు 9 మీటర్ల స్పాన్ (ఆసరాల మధ్య దూరం), వాటి మధ్య వేసే సెకండరీ బీములు ఎక్కువగా ఐఎస్ఎంబీ 400 (400 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు). పార్కింగ్ అంతస్తుల్లో మాత్రం పోస్ట్ టెన్షన్ (పీటీ) స్లాబులు, అంటే లోపల ఉక్కు కేబుళ్లను లాగి బిగించినవి. డ్రాయింగుల్లో ఉక్కుకంతటికీ రెండు గంటల ఫైర్ రేటింగ్ (అంతసేపు మంటను తట్టుకోవాలని) రాశారు, వర్మిక్యులైట్ స్ప్రేతో (వేడిని ఆపే ఖనిజపు పూత).

ఖర్చు తగ్గించే మీటింగులో యజమాని తరఫున ఒక వాదన వచ్చింది. ఆఫీసులో తగలబడేవి కుర్చీలు, కాగితాలు, కేబుళ్లు. మంట వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూ. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 కావాలి. పైగా ప్రతి అంతస్తులో స్ప్రింక్లర్లు ఉన్నాయి. అందుకని కాలమ్‌లకు మాత్రం స్ప్రే కొట్టించి బీములకు మానేద్దాం అంటున్నారు.

ఇందులో తప్పెక్కడుందో లెక్కలతో చెప్పగలరా? "కోడ్‌లో ఉంది" అంటే వినే మనుషులు కారు. స్ప్రే కొట్టించాక సైట్లో ఏం చూసుకోవాలో, పీటీ స్లాబుల సంగతేంటో కూడా ఎవరైనా చెప్తే మేలు.

బరువు_బలం:

కరిగేదాకా ఏ భవనమూ ఆగదండీ. అంతకు చాలా ముందే బలం పోతుంది.

ఉక్కు కట్టడాలకు మన దేశపు కోడ్ ఐఎస్ 800:2007లో 16వ అధ్యాయం తీయండి. 215 డిగ్రీల దాకా ఉక్కు ఈల్డ్ బలం (ఏ ఒత్తిడి దాటితే ఉక్కు శాశ్వతంగా సాగుతుందో ఆ హద్దు) తగ్గదు. ఆపైన 905 లోంచి ఉక్కు ఉష్ణోగ్రత తీసేసి 690తో భాగిస్తే మిగిలిన వంతు వస్తుంది. 400 దగ్గర 73 శాతం, 500 దగ్గర 59, 550 దగ్గర 51, 600 దగ్గర 44, 700 దగ్గర 30. యూరప్ దేశాల కోడ్ అయిన యూరోకోడ్ పట్టిక వేరే దారిలో పోతుంది: 400 దాకా నూటికి నూరు ఉంచి, అక్కణ్ణించి నిట్టనిలువునా దింపుతుంది. 500కి 78, 600కి 47, 700కి 23. ఏ పుస్తకం తీసినా 600 దగ్గర మిగిలేది సగం లోపే.

ఐఎస్ 800 సూత్రాన్ని తిప్పి రాస్తే లిమిటింగ్ టెంపరేచర్ (బీము ఇక బరువు మోయలేని వేడి) వస్తుంది: 905 లోంచి లోడ్ రేషియోకు (సామర్థ్యంలో ఎంత వంతు మోస్తోందో దానికి) 690 రెట్లు తీసేయాలి. మంట వేళ బీము తన సామర్థ్యంలో సగం మోస్తుంటే 560 డిగ్రీలు. 60 శాతం మోస్తుంటే 491. మీటింగులో 1500 అన్నచోట ఈ 491 రాసి చూపించండి.

ఇక మంట వైపు. ఫర్నేస్ పరీక్షలకు వాడే ఐఎస్ఓ 834 గీత ప్రకారం గది వేడి 5 నిమిషాలకు 576, 10కి 678, అరగంటకు 842, గంటకు 945, రెండు గంటలకు 1049. ఉక్కు దీనికి కాస్త వెనకగా వేడెక్కుతుంది. ఎంత వెనక అన్నది సెక్షన్ ఎంత పల్చన అన్నదాని మీద ఉంటుంది. మీ ఐఎస్ఎంబీ 400 మీటరుకు 61.6 కిలోలు. స్లాబు కింద మూడు వైపులా మంట తగిలే చుట్టుకొలత సుమారు 1.2 మీటర్లు. అంటే టన్నుకు దాదాపు 20 చదరపు మీటర్లు. పూత లేని ఉక్కుకు కోడ్ ఇచ్చిన మూడు వైపుల సూత్రంలో వేస్తే 550 చేరడానికి 19 నిమిషాలు. డ్రాయింగులో ఉన్నదేమో 120 నిమిషాలు.

ఇంతవరకూ బలం గురించే. నా లెక్కలో అంతకంటే ప్రమాదం వ్యాకోచం. అది 500 దాకా ఆగదు, వేడెక్కిన మొదటి డిగ్రీ నుంచే మొదలవుతుంది. 9 మీటర్ల బీము 500 డిగ్రీలు వేడెక్కితే స్వేచ్ఛగా వదిలేస్తే 60 మి.మీ. పైన సాగుతుంది. రెండు కొసల్లో కాలమ్‌లు పట్టుకుని కదలనివ్వలేదు అనుకోండి, ప్రతి డిగ్రీకీ 2.4 మెగాపాస్కల్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. వంద డిగ్రీలకు 240. ఈ250 అనే మామూలు గ్రేడు ఉక్కు ఈల్డ్ 250. బయటి బరువు ఒక్క కిలో పెట్టకుండానే హద్దు దగ్గరికి వచ్చేసింది. నిజంలో కొసలు పూర్తిగా బిగిసి ఉండవు కాబట్టి బీము కొంత వంగుతుంది, కొంత కాలమ్‌ని పక్కకు తోస్తుంది, కొంత బోల్టుల మీద పడుతుంది.

దీనికి న్యూయార్క్‌లోని డబ్ల్యూటీసీ (వరల్డ్ ట్రేడ్ సెంటర్) 7 భవనం చూడండి. 47 అంతస్తులు, విమానం ఢీకొట్టలేదు. 2001 సెప్టెంబర్ 11న పక్క టవర్ శిథిలాల నుంచి మంటలు అంటుకుని ఏడు గంటల పాటు మామూలు ఆఫీసు సామానే కాలింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2008 నవంబర్‌లో ఇచ్చిన తుది నివేదిక చెప్పిన క్రమం ఇలా ఉంటుంది: పొడవాటి ఫ్లోర్ బీములు వేడికి సాగి, 79వ నంబరు కాలమ్‌కు ఆనిన గర్డర్‌ను (పెద్ద బీమును) దాని సీటు మీంచి నెట్టేశాయి. 13వ అంతస్తు ఆ భాగంలో కూలి, కిందివాటిని ఒక్కొక్కటే లాక్కుంటూ 5వ అంతస్తు దాకా పోయింది. ఆ కాలమ్ తొమ్మిది అంతస్తుల ఎత్తున పక్క ఆసరా లేకుండా నిలబడి బకిల్ అయింది, అంటే బరువుకు పక్కకు వంగిపోయింది. ఆ భవనంలో ఉక్కుకంతటికీ స్ప్రే ఉంది, బీములకు రెండు గంటల రేటింగ్ ఉంది. మామూలుగా డిజైన్‌లో లెక్కలోకి తీసుకునే ఉష్ణోగ్రతల కంటే కొన్ని వందల డిగ్రీల కిందే వ్యాకోచం ఆ పని చేసిందని నివేదిక చెప్పింది.

ఇప్పుడు "కాలమ్‌లకు మాత్రమే" అన్న మాటకు వద్దాం. కాలమ్ తన బలంతో మాత్రమే నిలబడదు, ప్రతి అంతస్తులో ఫ్లోర్ దాన్ని పక్కలకు పట్టి ఉంచబట్టి నిలబడుతుంది. ఒక ఫ్లోర్ పోతే ఆసరా లేని పొడవు రెట్టింపు. సన్నటి కాలమ్ బకిల్ అయ్యే బరువు పొడవు వర్గానికి విలోమంగా పడిపోతుంది కాబట్టి నాలుగో వంతే మిగులుతుంది. అంటే స్ప్రే కొట్టి చల్లగా కాపాడిన కాలమ్ కూడా స్ప్రే లేని బీము చేతిలో పోవచ్చు.

ఉక్కు వేడెక్కే దశలోనే కాదు, చల్లారేటప్పుడూ గండం ఉంది. 600, 700 దగ్గర బీము నడుం వాలి, పొడవులో కొంత శాశ్వతంగా నలిగిపోతుంది. మంట తగ్గాక కుంచించుకుంటూ కనెక్షన్‌ని లోపలికి లాగుతుంది. బోల్టులేమో ఉక్కు కంటే త్వరగా నీరసిస్తాయి: 8.8 గ్రేడుకి 500 దగ్గర 55 శాతం, 600 దగ్గర 22 శాతమే. అందుకే ఫిన్ ప్లేట్ కనెక్షన్లు (కాలమ్‌కు వెల్డ్ చేసిన పలకకు బీమును బోల్టులతో బిగించేవి) మంట ఆరిపోయాక తెగిన సందర్భాలు పరీక్షల్లో కనిపిస్తాయి.

నీటి_గొట్టం:

స్ప్రింక్లర్ల గురించి. వాటి విలువను తక్కువ చేయడం లేదు. ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా, 38 అంతస్తులు, 1991 ఫిబ్రవరి 23న 22వ అంతస్తులో మంట. స్ప్రింక్లర్లు లేని అంతస్తులన్నీ వరసగా కాలుకుంటూ పోయి, 19 గంటల తర్వాత 30వ అంతస్తులో పది స్ప్రింక్లర్ తలలు తెరుచుకోగానే ఆగింది. అదే భవనంలో స్టాండ్‌పైపు (సిబ్బంది గొట్టాలు తగిలించుకునే నిలువు నీటి పైపు) మీది ప్రెషర్ తగ్గించే వాల్వులు తప్పు సెట్టింగులో ఉండి సిబ్బంది గొట్టాలకు చాలినంత నీటి ఒత్తిడి అందలేదు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. ఒక్క భవనంలోనే రెండు పాఠాలూ దొరుకుతాయి.

డబ్ల్యూటీసీ 7లో కూడా స్ప్రింక్లర్లు ఉన్నాయి. కానీ మొదటి 20 అంతస్తులకు నీళ్లు నేరుగా నగరం మెయిన్ నుంచి. టవర్లు కూలినప్పుడు మెయిన్ పగిలింది, మంటలు చూస్తే 7 నుంచి 9, 11 నుంచి 13 అంతస్తుల్లో. మన దగ్గర నగరం మెయిన్ దాకా వెళ్లక్కర్లేదు. సంపు కడగడానికి ఖాళీ చేసి ఉంచడం, డీజిల్ పంపు బ్యాటరీ డౌన్ అవడం, ఇంటీరియర్ పనికని ఫ్లోర్ వాల్వ్ మూసి మళ్లీ తెరవకపోవడం, జాకీ పంపు (పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న పంపు) ఊరికే ఆన్ అవుతోందని ప్యానెల్‌ను మాన్యువల్‌లో పెట్టేయడం. స్ప్రింక్లర్ అనేది పనిచేయాల్సిన యంత్రం. స్ప్రే పూతకు కరెంటూ అక్కర్లేదు, ఆపరేటరూ అక్కర్లేదు. ఒకటి ఉంది కదా అని రెండోది తీసేస్తే ఆ వాల్వ్ మూసి ఉన్న రోజున ఏమీ మిగలదు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కలో వేయరు: పోసిన నీటి బరువు. ఫ్లోర్ మీద 10 సెం.మీ. నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు, అంటే ఒక కిలోన్యూటన్. ఆఫీసు స్లాబు డిజైన్ చేసేదే 2.5 నుంచి 4 కిలోన్యూటన్లకు. బట్టలు, కాగితాల గోడౌన్ అయితే సరుకు నీళ్లు పీల్చుకుని మరీ బరువెక్కుతుంది. వేడికి సగం బలం పోయిన స్లాబు మీద ఇది పడుతుంది. టాయిలెట్, షాఫ్ట్ డ్రెయిన్లు చెత్తతో మూసుకుపోకుండా చూడటం కూడా ఈ లెక్కలోనిదే.

గాలిపటం_42:

ఇదంతా ఉక్కు భవనాల గోల కదా. మన అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు నూటికి తొంభై కాంక్రీటువి. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ చూడండి, 24 అంతస్తుల భవనం దాదాపు మొత్తం కాలినా కూలలేదు. కాంక్రీటు భవనం మంటకు కూలదు.

కవర్_బ్లాక్:

గ్రెన్‌ఫెల్ నిలబడింది నిజమే. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ భవనం కూడా కాంక్రీటుదే, 13 అంతస్తులు; 2008 మే 13న మొదలైన మంటకు అదే రోజు ఒక భాగం కుప్పకూలింది. అంత దూరం ఎందుకు, 2023 జనవరి 19న సికింద్రాబాద్ నల్లగుట్టలో కాలిన వాణిజ్య భవనంలో లోపలి స్లాబులు కొన్ని కూలాయి, తర్వాత మొత్తం భవనాన్నే పడగొట్టాల్సి వచ్చింది. కాంక్రీటు కూలదు అని గీత గీసి చెప్పే వీలు లేదు. అది వేడిని నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది, అంతవరకే దాని గొప్పతనం.

లోపల జరిగేది ఇది. 100 దాటాక నీరు ఆవిరవుతుంది. 400 నుంచి 500 మధ్య సిమెంటు ముద్దలోని కాల్షియం హైడ్రాక్సైడ్ విడిపోతుంది. 573 దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. మన తెలుగు నేల మీద వాడే కంకర ఎక్కువగా గ్రానైటే, దానిలో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. యూరోకోడ్ పట్టికలో అలాంటి కంకరతో చేసిన కాంక్రీటుకు 500 దగ్గర 60 శాతం, 600 దగ్గర 45, 800 దగ్గర 15 శాతం బలం మిగులుతుంది. సున్నపురాయి కంకరైతే 600 దగ్గర 60.

అయినా స్లాబు సాధారణంగా పోయేది కాంక్రీటు నలిగి కాదు, కింది రాడ్లు వేడెక్కి. మామూలు రాడ్లకు 500 డిగ్రీలను హద్దుగా పెట్టుకుంటారు. గంట మంటకు అడుగు నుంచి 20 మి.మీ. లోతులో, రెండు గంటలకు 40 మి.మీ. లోతులో ఇంచుమించు ఆ వేడి వస్తుంది. ఈ లోతు రాడ్డు మధ్యదాకా కొలిచేది, కవర్ (రాడ్డు మీద ఉండే కాంక్రీటు పొర మందం) కాదు.

కాంక్రీటుకు మన దేశపు కోడ్ ఐఎస్ 456:2000లో పట్టిక 16ఎ చూడండి. రెండు గంటలకు కంటిన్యువస్ స్లాబు (ఆసరాల మీదుగా ఆగకుండా సాగేది) కవర్ 25 మి.మీ., సింప్లీ సపోర్టెడ్ (రెండు కొసల్లో ఊరికే ఆనేది) అయితే 35. బీముకు 30, 40. కాలమ్‌కు 40. నాలుగు గంటలకు సింప్లీ సపోర్టెడ్ బీము 70. కవర్ ఒక్కటే కాదు, మందం కూడా: రెండు గంటలకు స్లాబు కనీసం 125 మి.మీ., నాలుగు వైపులా మంట తగిలే కాలమ్ కనీసం 300 మి.మీ. వెడల్పు. చాలా సైట్లలో "మైల్డ్ ఎక్స్‌పోజర్ (తుప్పు ముప్పు తక్కువ), 20 సరిపోతుంది" అని స్లాబుకు 20 మి.మీ. కవర్ బ్లాకులు పెట్టేస్తారు. అది తుప్పు పట్టిక. మంట పట్టికలో 20తో గంటన్నర దాకానే, అదీ కంటిన్యువస్ అయితేనే. పైగా బ్లాకులు మీటరుకు ఒకటి లేకపోతే రాడ్లు తొక్కుడికి దిగిపోయి మధ్యలో 10 మి.మీ. కవర్ మిగులుతుంది. మంట మాత్రం అక్కడే కొలుస్తుంది.

పీటీ స్లాబులకు ఇంకా జాగ్రత్త. స్ట్రాండ్‌లను (లోపలి ఉక్కు కేబుల్ పేటలను) చల్లగా లాగి బలం తెప్పిస్తారు, వేడి తగిలితే ఆ బలం మామూలు రాడ్డు కంటే ముందే పోతుంది. యూరోకోడ్ స్ట్రాండ్‌కు పెట్టిన హద్దు 350 డిగ్రీలు. అందుకే రాడ్డుకు చెప్పిన లోతుకు ఇంకో 15 మి.మీ. కలపమంటుంది. మీది గ్రౌట్ (పల్చటి సిమెంటు ముద్ద) నింపిన బాండెడ్ పద్ధతా, గ్రీజు తొడుగున్న అన్‌బాండెడా చూసుకోండి. బాండెడ్‌లో ఒక బేలో (కాలమ్‌ల మధ్య ఒక గడిలో) స్ట్రాండ్ దెబ్బతింటే నష్టం అక్కడికే పరిమితం. అన్‌బాండెడ్‌లో ఒక్కచోట తెగితే ఆ కొస నుంచి ఈ కొస దాకా బిగువు మొత్తం పోతుంది. పార్కింగ్‌లో కార్లు కాలితే స్లాబు అడుగునే నేరుగా దెబ్బ, కాబట్టి మధ్య స్పాన్‌లో కేబుల్ కింది కవర్ ఎంతో డ్రాయింగులో అడగండి.

పెచ్చులూడటం గురించి ఒక మాట. తడి ఎక్కువగా ఉన్న దట్టమైన కాంక్రీటులో ఆవిరికి బయటికి దారి దొరక్క, పైపొర వ్యాకోచపు ఒత్తిడీ తోడై, పెచ్చులు పేలినట్టు ఊడతాయి. మంట మొదలైన మొదటి అరగంటలోనే. 40 మి.మీ. కవర్ అని లెక్క వేసుకున్నది అప్పుడు సున్నా అవుతుంది. టవర్ల కింది అంతస్తుల్లో వాడే హై స్ట్రెంగ్త్ మిక్సులకు, మరీ ముఖ్యంగా సిలికా ఫ్యూమ్ (కాంక్రీటును దట్టం చేసే సన్నటి పొడి) సిమెంటు బరువులో 6 శాతం మించితే, ఘనపు మీటరుకు 2 కిలోల సన్నటి పాలీప్రొపిలీన్ ఫైబర్ కలపడం తెలిసిన మందు. అది 165 డిగ్రీల చుట్టుపక్కల కరిగి ఆవిరికి దారులు వదులుతుంది. ఫ్లోరింగుకు వాడే లావు ఫైబర్ తెచ్చి కలిపితే ఈ పని చేయదు. సన్న ఫైబర్ స్లంప్‌ను (తడి కాంక్రీటు జారే గుణాన్ని) బాగా తగ్గిస్తుంది, సైట్లో నీళ్లు పోసి సరిచేస్తే మొదటికే మోసం. అడ్మిక్చర్ (కలిపే రసాయనం) ట్రయల్ ముందే చేయించుకోవాలి.

సైట్ డైరీ:

బరువు_బలం గారూ, 19 నిమిషాల లెక్క పనిచేసింది. ఇప్పుడు వాళ్ల కన్సల్టెంట్ కొత్త మాట తెచ్చాడు: ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ పరీక్షల్లో స్ప్రే లేని బీములు వెయ్యి డిగ్రీలు దాటినా భవనం కూలలేదట, కాబట్టి సెకండరీ బీములకు వదిలేయొచ్చట. నిజమేనా?

బరువు_బలం:

నిజమే, సగం. 1990ల మధ్యలో ఎనిమిది అంతస్తుల కాంపోజిట్ (ఉక్కు బీములు, కాంక్రీటు స్లాబు కలిసి పనిచేసే) భవనాన్ని పూర్తి సైజులో కట్టి కాల్చారు. బీములు నీరసించాక స్లాబులోని మెష్ (సన్న ఉక్కు కడ్డీల వల), దుప్పటిని నాలుగు మూలలా పట్టుకున్నట్టు బరువును అంచులకు లాక్కుపోయింది. టెన్సైల్ మెంబ్రేన్ యాక్షన్ అంటారు. అక్కడ కాలమ్‌లకు రక్షణ ఉంది. ఆ పద్ధతి వాడాలంటే షరతులు ఉన్నాయి: స్లాబును దాదాపు చదరపు ప్యానెళ్లుగా విడదీయాలి, ప్రతి ప్యానెల్ అంచు బీములకూ కాలమ్‌లకూ పూర్తి స్ప్రే ఉండాలి, అంచు బీముల మీద పడే అదనపు బరువు లెక్కించాలి, మెష్ ల్యాపులు తెగకుండా ఉండాలి, భవనం అంచున మెష్‌ను స్టడ్‌ల చుట్టూ యూ బార్లతో కట్టాలి. స్లాబు బాగా కుంగుతుంది, దాన్ని కింది ఫైర్ గోడలు తట్టుకోవాలి. ఇవన్నీ లెక్క వేసి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెడితే సెకండరీలు వదిలేయొచ్చు, నాకు అభ్యంతరం లేదు. మీ దగ్గర డెక్ మీద క్రాక్ కంట్రోల్ మెష్ మాత్రమే ఉంటే ఆ మాట ఎత్తొద్దు.

స్ప్రే సగం ఉండి సగం లేకపోతే ఎలా ఉంటుందో మాడ్రిడ్‌లో విండ్సర్ టవర్ చూపించింది. 32 అంతస్తులు, మధ్యలో కాంక్రీటు కోర్, అంచున ఉక్కు కాలమ్‌లు, వాటికి మొదట్లో పూత లేదు. మరమ్మతుల్లో కింది నుంచి పైకి పూత వేసుకుంటూ వస్తున్నారు, 17వ అంతస్తు దాకా వచ్చింది. 2005 ఫిబ్రవరి 12 రాత్రి 21వ అంతస్తులో మంట లేచింది. 17 పైన అంచు కాలమ్‌లు, స్లాబులు రాలిపోయాయి. ఆ ఎత్తులో ఉన్న బలమైన టెక్నికల్ ఫ్లోర్ ఆ శిథిలాలను ఆపింది. దాని కింది భాగం, కోర్ నిలబడ్డాయి.

పూత_పని:

స్ప్రే వైపు నుంచి నేను చెప్తాను.

మందం అందరికీ ఒకటి ఉండదు. సెక్షన్ ఫ్యాక్టర్ (ఉక్కు బరువుకు మంట తగిలే ఉపరితలం ఎంత అన్నది) బట్టి తయారీదారు పరీక్ష పట్టికలో చూసి ప్రతి సైజుకూ వేరే అంకె రాయాలి. పల్చటి బీముకు ఎక్కువ మందం, లావు కాలమ్‌కు తక్కువ. "అన్నిటికీ 20 మి.మీ." అని కొటేషన్ వస్తే అది లెక్క చేయని కొటేషన్.

కొట్టే ముందు ఉక్కు మీద నూనె, దుమ్ము, ఊడే స్కేలు ఉండకూడదు. షాప్‌లో వేసిన ప్రైమర్ ఆ స్ప్రేకు పడుతుందో లేదో తయారీదారు దగ్గర రాతలో తీసుకోండి. నున్నటి ఎనామిల్ లాంటి ప్రైమర్ మీద వర్మిక్యులైట్ పట్టదు. ఆరు నెలల్లో డొల్లవుతుంది, తట్టితే తెలుస్తుంది. అలాంటప్పుడు మెష్ బిగించి కొట్టాలి. పై అంతస్తు డెక్ మీద కాంక్రీటు పోసి, ట్రాలీల రాకపోకలు తగ్గాకే కింద కొట్టించండి, లేకపోతే అదురుకు రాలుతుంది.

తనిఖీకి పిన్ గేజ్ చాలు. వెబ్ (బీము నిలువు పలక) రెండు వైపులా, ఫ్లాంజి (అడ్డ పలక) కింద, ఫ్లాంజి అంచుల్లో, పై ఫ్లాంజి అడుగున గుచ్చండి. అంచుల్లోనే దొంగతనం జరుగుతుంది. సగటు చెప్పిన మందానికి తగ్గకూడదు. ఒక్కో కొలత 25 శాతం లేదా 6 మి.మీ., ఏది తక్కువైతే అంతవరకే తగ్గొచ్చు. ఒక ముక్క కోసి ఎండబెట్టి సాంద్రత చూడండి, ఎక్కువ నీళ్లు కలిపి కొడితే మందం ఉంటుంది, సాంద్రత ఉండదు.

పట్టు పరీక్ష అడగడం మర్చిపోవద్దు. డబ్ల్యూటీసీ టవర్లలో విమానం తాకిడికి స్ప్రే ఊడిన ఉక్కే వేడెక్కి, ఫ్లోర్లు కుంగి, అంచు కాలమ్‌లను లోపలికి లాగింది. ఆ తర్వాత అమెరికా బిల్డింగ్ కోడ్ హైరైజ్‌లకు పట్టు పెంచింది: సుమారు 23 నుంచి 128 మీటర్ల ఎత్తు దాకా 20.6 కిలోపాస్కల్, ఆపైన 47.9. మామూలు భవనాలకు 7.2 ఉండేది. 83 మి.మీ. మూతను జిగురుతో అంటించి స్ప్రింగ్ త్రాసుతో లాగుతారు. మీ 14 అంతస్తుల ఎత్తుకు 11 కిలోల దాకా లాగినా ఊడకూడదు.

అసలు నష్టం జరిగేది తర్వాత. డక్టు వాళ్లు, కేబుల్ ట్రే వాళ్లు క్లాంపు బిగించడానికి అడుగు మేర గీకేస్తారు, ఎవరూ పూడ్చరు. ఆ అడుగులోనే బీము వేడెక్కుతుంది, ఉక్కు వేడిని అటూ ఇటూ పాకిస్తుంది. అందుకే హ్యాంగర్లు, బ్రాకెట్లు ముందు బిగించి తర్వాత స్ప్రే అన్న వరస పెట్టండి. స్ప్రే లేని చిన్న ఉక్కు ఏదైనా ప్రధాన బీముకు తగులుతుంటే దాని మీద 450 మి.మీ. దాకా పూత కొనసాగించడం బ్రిటిష్ అలవాటు, మంచి అలవాటు. కనెక్షన్ల దగ్గర బోల్టు తలలు కనబడుతున్నాయంటే పని అవ్వనట్టే. ఫాల్స్ సీలింగ్ మూసే ముందు ఫోటోలతో ఒక రౌండు పూర్తి చేయండి, మూశాక ఇక ఎవరూ పైకి చూడరు.

లాబీలో కనిపించే కాలమ్‌లకు ఇంట్యుమెసెంట్ (వేడికి ఉబ్బే) పెయింట్ అడుగుతారు. 200, 250 దగ్గర ఉబ్బి బొగ్గు నురుగులా మారుతుంది. ఉబ్బడానికి చోటు కావాలి. దాన్ని ఆనుకుని గ్రానైట్ క్లాడింగ్ బిగిస్తే ఆ డబ్బు దండగ. రెండు గంటలకు అది మిల్లీమీటర్లలో కావాలి, ఖర్చు స్ప్రేకు చాలా రెట్లు. అలాంటి చోట కాల్షియం సిలికేట్ బోర్డుతో పెట్టె కట్టి, మీద మీ ఇష్టమైన ఫినిష్ చేసుకోవడం నయం.

సుత్తి_దెబ్బ:

మంట తర్వాత సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంచెం.

మంట ఆరగానే లోపలికి వెళ్లొద్దు. కాంక్రీటు పైపొర చల్లారుతున్నా వేడి ఇంకా లోపలికి పాకుతూనే ఉంటుంది. కాలమ్ మధ్యలో అత్యధిక వేడి మంట ఆరిన గంటల తర్వాత వస్తుంది. ముందు కింది రెండు మూడు అంతస్తుల్లో ప్రాప్‌లు (తాత్కాలిక ఆసరా కంబాలు) పెట్టించి, నిలిచిన నీళ్లు, కాలిన సరుకు దించి, తర్వాత తనిఖీ. ఉబ్బిన కాలమ్, కుంగిన స్లాబు, ఉన్నట్టుండి బిగుసుకుపోయిన తలుపు ఫ్రేము, లోహం కిర్రుమన్న చప్పుడు కనబడితే, వినబడితే అందరినీ దూరం పంపాలి. డబ్ల్యూటీసీ 7లో భవనం ఉబ్బును గమనించి సాయంత్రం 5:20కి కూలకముందే చుట్టూ ఖాళీ చేయించారు, ఆ కూలడంలో ఎవరూ చనిపోలేదు.

ఊడ్చేయక ముందు శిథిలాలు చూడండి, అవి థర్మామీటర్లు. కిటికీ అల్యూమినియం కరిగి కారితే అక్కడ 600 దాటింది. రాగి తీగ బొట్లు కడితే 1085. ప్లాస్టిక్ స్విచ్ ఆకారం పోకపోతే పెద్ద వేడి తగల్లేదు. కాంక్రీటు రంగు: 300 నుంచి 600 మధ్య గులాబీ ఛాయ, ఆపైన తెల్లని బూడిద రంగు, 900 దాటితే లేత పసుపు. ఛాయ కంకరలోని ఇనుము వల్ల వస్తుంది, కాబట్టి గులాబీ కనబడలేదని క్షేమం అనుకోకూడదు.

తర్వాత సుత్తితో తట్టడం, డొల్ల శబ్దం వచ్చిన చోట చెక్కి లోతు చూడటం. రీబౌండ్ హ్యామర్ (కొట్టి బలం అంచనా వేసే పరికరం) పైపొరనే చెప్తుంది. అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్షను కాలని గదిలోని అదే సభ్యంతో (అలాంటి బీము, స్లాబు, కాలమ్‌తో) పోల్చి చదవాలి. కోర్లు (డ్రిల్ చేసి తీసిన కాంక్రీటు ముక్కలు) తీసి పొరలుగా కోసి చూస్తే 500 దాటిన మందం ఎంతో తెలుస్తుంది. లెక్కలో ఆ మందాన్ని సున్నాగా తీసేసి, లోపలి భాగానికి పూర్తి బలం ఇస్తారు. వేడెక్కిన కాంక్రీటు చల్లారాక కోలుకోదు, గాలి తేమకు సున్నం మళ్లీ ఉబ్బి ఇంకొంత పగులుతుంది. అందుకని మంటయిన వారానికి తీసిన కోర్‌ను చివరి మాటగా తీసుకోకండి, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి తీయండి.

రాడ్ల విషయంలో కనబడేదొకటి, ఉండేదొకటి. మామూలు హాట్ రోల్డ్ రాడ్డు 600 లోపు వేడెక్కి చల్లారితే దాదాపు పూర్తి బలం తిరిగొస్తుంది. టీఎంటీ బలం దాని గట్టి పైపొరలో ఉంది. 600 దాటి ఎక్కువసేపు ఉంటే ఆ పొర మెత్తబడి చల్లారాక కూడా తిరిగి రాదు. పెచ్చులూడి రాడ్డు బయటపడిన చోట ఈ అనుమానం ఖాయం. బిగువు తక్కువుండే చోట, అంటే కంటిన్యువస్ స్లాబులో సపోర్టు దగ్గరి కింది రాడ్ల లాంటి చోట ముక్క కోసి లాగించి చూడాలి, కోసిన చోట కొత్త ముక్క కప్లర్‌తో (రాడ్లను కలిపే గొట్టంతో) కలపాలి. పీటీ స్ట్రాండ్ ఉన్న బేలో చెక్కే యంత్రం పెట్టే ముందు కేబుల్ దారి స్కాన్ చేయించండి.

మరమ్మతుకు ముందు సున్నం కొట్టి మసి కప్పేయడం చాలాచోట్ల జరుగుతుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్‌కూ ఇంజనీరుకూ కావాల్సిన ఆనవాళ్లన్నీ దానికిందే పోతాయి.

సైట్ డైరీ:

సుత్తి_దెబ్బ గారూ, రాడ్డు ముక్కలు ఎన్ని తీయాలి? ఇది మా సైట్‌కు కాదు, పక్క పాత షెడ్డు కాలింది, వాళ్లు అడుగుతున్నారు.

సుత్తి_దెబ్బ:

లెక్క ఇంత అని గుడ్డిగా చెప్పలేం. ముందు ఫ్లోర్ ప్లాన్ మీద వేడి తీవ్రత బట్టి మండలాలు గీయండి: మసి మాత్రమే పట్టినవి, ప్లాస్టరు రాలినవి, పెచ్చులూడి రాడ్డు కనబడేవి, రాడ్డు వంగినవి. ఒక్కో మండలంలో ఒక్కో వ్యాసానికి మూడేసి ముక్కలు, కాలని చోట నుంచి పోలికకు అంతే. రాడ్డు వంగిపోయిన సభ్యానికి పరీక్ష అనవసరం, దాన్ని కొట్టేసి కొత్తది కట్టడమే చవక. షెడ్డు అన్నారు కాబట్టి పైన ఉక్కు ట్రస్సులుంటే నిటారుతనం, పర్లిన్ (పైకప్పు రేకుల కింది అడ్డ ఉక్కు) బోల్టు రంధ్రాలు చూడండి. సభ్యం తిన్నగానే ఉండి రంధ్రాలు కోలగా సాగితే చల్లారేటప్పుడు లాగుడు పడినట్టు, ఆ బోల్టులన్నీ మార్చాలి.